స్టాన్లీ కాంగో దారే ఎందుకు పట్టాడు?

సూడాన్‌లో 1881లో ముహమ్మద్ అహ్మద్ తానే మహదీనని (ముస్లింలు ఎదురుచూసే రక్షకుడినని) ప్రకటించుకుని ఈజిప్టు పాలనపై తిరగబడటం, 1885 జనవరిలో రాజధాని ఖార్టూమ్ పడిపోయి, దాన్ని కాపాడుతున్న బ్రిటిష్ జనరల్ గోర్డన్ చనిపోవడం, ఇంతవరకు అర్థమైంది. నా డౌట్ ఆ తర్వాతి కథలో. సూడాన్ దక్షిణాన ఈక్వటోరియా ప్రాంతంలో చిక్కుకుపోయిన అక్కడి ఈజిప్టు గవర్నర్ ఎమిన్ పాషాని తీసుకురావడానికి 1887లో బయల్దేరిన అన్వేషకుడు స్టాన్లీ, జాంజిబార్ దాకా వచ్చి కూడా తూర్పు తీరం నుంచి వెళ్లకుండా, ఓడలో ఆఫ్రికా చుట్టూ తిరిగి కాంగో నది పట్టుకుని, ఇటూరి అడవిలో ఆకలికీ జ్వరాలకీ అంతమందిని ఎందుకు పోగొట్టుకున్నట్టు? అప్పట్లో కాంగోను ఏలుతున్న బెల్జియం రాజు లియోపోల్డ్ స్వార్థమా, లేక తూర్పు దారిలో ఉన్న బుగాండా రాజు మ్వాంగా అంటే భయమా? ఇంతా చేస్తే ఎమిన్‌కేమో రావడమే పెద్దగా ఇష్టం లేదట! రెండిట్లో ఏది అసలు కారణమో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.