డబుల్ రిజిస్ట్రేషన్ ఆగాలంటే శ్రీలంక పద్ధతి మనకు పనికొస్తదా?

గొలుసుకొల్త (నల్లగొండ): ఒకే ప్లాటు ఇద్దరికి రాసిచ్చిన పంచాయితీలు చౌటుప్పల్ నుంచి మిర్యాలగూడ దాకా వింటనే ఉన్నం. శ్రీలంకల ముందు రిజిస్టరైన దస్తావేజుకే బలం, మోసం, కుమ్మక్కు లేకుంటే. మన 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 47ల రాసిన తేదీకి బలం. రాసిన కాయితం రిజిస్ట్రేషన్‌కు తెచ్చేటందుకు సెక్షన్ 23 నాలుగు నెలల గడువిస్తది. సోమవారం రాసి దాచిన కాయితం గడువులోపల రిజిస్టరైతే, బుధవారం రాసి అదే రోజు రిజిస్టరైన దాన్ని కొడుతది. నడుమ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) తీస్తే ఏం కనబడదు.

దస్తావేజులేఖరి (మహబూబ్‌నగర్): అన్నా, లంకల దస్తావేజు రాసేది నోటరీ. నోటరీ కాయితం మీద ప్లాట్లు కొని ఎంతమంది ఆగమైండ్రో తెల్వదా? నూరు రూపాయల పైన స్థిరాస్తి అమ్మితే మనకు రిజిస్ట్రేషన్ తప్పదు.

గొలుసుకొల్త: పేరొక్కటే, పని వేరు. అక్కడి నోటరీ వకీలు. ఇద్దరు సాక్షుల ముందు సంతకాలు పెట్టిస్తడు, ఒక ప్రతి దాచుకుంటడు, ఇంకో ప్రతి వచ్చే నెల 15లోపల భూమి రిజిస్ట్రార్‌కు పంపుతడు.

దస్తావేజులేఖరి: నోటరీ నోటరీయే. మన దగ్గర అమ్మేటోడు సబ్ రిజిస్ట్రార్ ముందట ఒప్పుకోవాలె, ఫోటో, వేలిముద్ర పడాలె. అది ఎందుకు పోగొట్టుకోవాలె?

మూసీగట్టు: స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం కడుతున్నం. అయినా హామీ లేదు.

కోర్టునకలు (సూర్యాపేట): తేదీలు పక్కన పెట్టుండ్రి. లంకల ప్రతి భూమికి ఒక ఫోలియో (రిజిస్టర్ల దాని పుట) ఉంటది, దాని లావాదేవీలన్నీ ఆ వరుసలనే పోతయి. సంబంధం లేని ఫోలియోల ఎక్కిస్తే ముందు రిజిస్టరైనా నిలవదు. మన ఈసీ మాత్రం మనం కొట్టిన నంబరుకే జవాబిస్తది. మొదటిసారి ప్లాటు నంబరుతోని, రెండోసారి ఇంటి నంబరుతోని రాస్తే ఒకటి దొరికినా ఇంకొకటి దొరకదు. సర్వే నంబరు, ప్లాటు నంబరు, ఇంటి నంబరు, అమ్మేటోని పేరు, అన్నిటితోని వెదకాలె. లింకు దస్తావేజుల (అంతకుముందు చేతులు మారిన కాయితాల) నాలుగు దిక్కుల హద్దులు కలవాలె.

దస్తావేజులేఖరి: వెదికేది మేమే, తిట్లు తినేది మేమే. తప్పంతా రాసేటోని మీద రుద్దకుండ్రి!

గొలుసుకొల్త: నిన్నెవరన్నరు? అమ్మేటోనికి హక్కుందా అని చూసే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కు చట్టం ఇయ్యలేదని 2025 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు తమిళనాడు 55-ఎ నిబంధన కేసుల చెప్పింది. సర్కారు పైసలు తీసుకుంటది, హక్కుకు పూచీ పడదు. నా కోపం దాని మీద.

దస్తావేజులేఖరి: గట్ల మొదట్నే చెప్పరాదు! అయితే నువ్వు అడగాల్సింది ఈ పద్ధతి కాదు, లంకలనే 1998ల వచ్చిన హక్కు రిజిస్ట్రేషన్ చట్టం. ముందు సర్వే శాఖ పటం గీస్తది, హక్కుదారులను పిలిచి విచారిస్తరు, ఆ తర్వాత మొదటి తరగతో, రెండో తరగతో హక్కు పత్రం. అదింక లంక అంతటికి పోలే. దస్తావేజుల పద్ధతి పక్కన నడుస్తనే ఉన్నది.

గొలుసుకొల్త: పటం లేనిది పూచీ లేదు, ఒప్పుకుంట. మనకు భూభారతి (తెలంగాణ భూమి రికార్డుల చట్టం) పటం మాట తెచ్చింది సాగు భూములకు. పంచాయితీలెక్కువ ప్లాట్లకాడ.

మూసీగట్టు: ఇప్పుడు కొనేటోళ్లు ఏం చెయ్యాలె?

దస్తావేజులేఖరి: అగ్రిమెంటు నాడొకసారి, సేల్ డీడు పొద్దున ఒకసారి ఈసీ తియ్యుండ్రి. అసలు లింకు దస్తావేజులు చేతికి తీసుకోండ్రి, జిరాక్సులు చూపెడితే ఆగుండ్రి. ప్లాటు మీదికి పోయి స్వాధీనం ఎవరిదో చుట్టుపక్కల అడగండ్రి. దాచిన కాయితం ఆడనే బయటపడతది.

గొలుసుకొల్త: కడీలు కూడ లేని ఖాళీ ప్లాటుకు స్వాధీనం ఎవరిని అడగాలె?