కెనడాలోని ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సింగ్ డిప్లొమా: చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కాకినాడ_సుధ:
అందరికీ నమస్తే అండి. నేను 2011లో కాకినాడలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేశాను, అప్పట్లో మూడున్నరేళ్ళ కోర్సు. 2016 దాకా ఒక నర్సింగ్ హోంలో డ్యూటీ చేశాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఇక్కడ బ్రాంప్టన్ రావడం. ఈమధ్యే పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చింది. చిన్నదానికి నాలుగేళ్ళు. కాలేజీలో రెండేళ్ళ ప్రాక్టికల్ నర్సింగ్‌లో చేరదామని ఉంది. పాత జీఎన్‌ఎంతోనే రిజిస్ట్రేషన్‌కి ప్రయత్నించాలా, కోర్సే మేలా? ప్లేస్‌మెంట్‌కి, అంటే ఆసుపత్రుల్లో శిక్షణకి, పొద్దున్నే ఎన్నింటికి వెళ్ళాలి? ఓసాప్ (ఒంటారియో ప్రభుత్వం విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం) పోను చేతినుంచి ఎంత పడుతుంది? మందుల లెక్కల పరీక్షలో చాలామంది పోతారంటున్నారు, నిజమేనా? ఇంట్లోవాళ్ళు "మళ్ళీ మొదటినుంచా" అంటున్నారు, నాకేమో ఇంకా ఆలస్యం చేస్తే ఇక చేయలేనేమో అనిపిస్తోంది.

హామిల్టన్_రేవతి:
సుధగారూ, రిజిస్ట్రేషన్ దారిలో రెండేళ్ళు పోగొట్టుకున్నదాన్ని నేను, నా మాట వినండి. 2019లో ఎన్‌ఎన్‌ఏఎస్‌లో, అంటే బయటి దేశాల నర్సుల చదువు కాగితాలు పరిశీలించే సంస్థలో, ఫైలు తెరిచాను. నేను చదివిన స్కూలు అప్పటికే మూసేశారు. ట్రాన్స్‌క్రిప్టు మీద సంతకం ఎవరు పెట్టాలో చెప్పే నాథుడు లేడు. రాష్ట్రం విడిపోయాక నా రికార్డు హైదరాబాద్‌లో ఉందో విజయవాడలో ఉందో తెలియక మా నాన్న 71 ఏళ్ళ వయసులో రెండు ఊళ్ళూ తిరిగాడు. తీరా కవరు పంపిస్తే, అతికించిన చోట సీలు లేదని వెనక్కి వచ్చింది. అన్నీ తేలాక, గత మూడేళ్ళలో నర్సుగా పనిచేసిన ఆధారం చూపించమన్నారు. ఇక్కడికొచ్చాక నేను చేసింది గోడౌన్‌లో ప్యాకింగ్ పని. ఏం చూపించను? నియమాలు తరచూ మారుతున్నాయి, అందుకని ఒకసారి మీరే సరిచూసుకోండి. కానీ ఆ రెండేళ్ళలో నేను కోర్సు పూర్తి చేసేదాన్ని. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కరీంనగర్_తమ్ముడు:
అక్కా, ఫీజు గీజు తర్వాత చూసుకో, ముందు టీకాల కాగితం పట్టుకో. మూడో సెమిస్టర్‌లున్న, చెప్తున్న. మనందరికీ చేతి మీద బీసీజీ మచ్చ ఉంటది కదా. టీబీకి రెండు విడతల చర్మ పరీక్ష అడుగుతరు. నాకు మొదటి సూది వేసిన రెండు రోజులకే రూపాయి బిళ్ళంత గట్టిగ లేచింది, అంటే పాజిటివ్. ఇగ ఛాతీ ఎక్స్‌రే, డాక్టర్ ఉత్తరం, అవన్నీ వచ్చేదాక ప్లేస్‌మెంట్ బంద్. నా తోటోళ్ళు యూనిఫాం వేసుకొని పోతుంటే నేను ఇంట్ల కూసున్న. హెపటైటిస్ బీ, ఆటలమ్మ, తట్టుకి రక్తపరీక్షలు కూడ ఇప్పుడే చేయించు. పోలీస్ చెక్ కూడ మామూలుది నడవది, వల్నరబుల్ సెక్టార్‌ది, అంటే పిల్లలు, ముసలోళ్ళ అసొంటోళ్ళ దగ్గర పనిచేసేటోళ్ళకి చేసేది, కావాలె. ఎన్95 మాస్కు పరీక్షల తల మీద ముసుగేసి చేదు మందు కొడతరు, నాలిక్కి చేదు తగిలితే ఆ మాస్కు సరిపోనట్టు. నాకు గడ్డం వల్ల సరిపోలే, ఆ రోజే తీసేసిన.

విండ్సర్_లక్ష్మి:
లెక్కల పరీక్ష గురించి నేను చెప్తాను, ఎందుకంటే మొదటిసారి తప్పాను. మా కాలేజీలో పాస్ మార్కు 90. 25 ప్రశ్నలు. నాకు 88 వచ్చింది, అంటే మూడు తప్పులు. ఒకటి, 1000 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో వెళ్ళాలి, సెట్టు 15 చుక్కలది, అంటే 15 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. గంటకి 125. దాన్ని 15తో గుణించి 60తో భాగిస్తే 31.25. నేను అదే రాసి వచ్చాను. చుక్కని ముక్కలు చేయలేం కదా, 31 అని రాయాలి. రెండు, 5.0 మిల్లీగ్రాములు అని రాశాను. ఆ దశాంశ చుక్క మసకబారితే 50 అయిపోతుంది, అందుకని చివర సున్నా పెట్టకూడదు. అదే 0.5 అయితే ముందు సున్నా కచ్చితంగా పెట్టాలి. మూడు, పిల్లాడి బరువు పౌండ్లలో ఇచ్చారు, 2.2తో భాగించకుండానే డోసు వేశాను. అంటే రెట్టింపుకి మించి మందు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మార్కులు పోయినందుకు కాదు, నిజంగా ఆ పిల్లాడు నా ఎదురుగా ఉంటే ఏమయ్యేది అని. రెండోసారి నూటికి నూరు తెచ్చుకున్నాను.

ఐసీయూ_పద్మజ:
నేను బీఎస్సీ నర్సింగ్, హైదరాబాద్‌లో 14 ఏళ్ళు ఐసీయూ చేశాను. వెంటిలేటర్, ఐనోట్రోపులు (గుండె బలంగా కొట్టుకోవడానికి ఎక్కించే మందులు), డయాలసిస్, అన్నీ చూశాను. చుక్కల లెక్కలు ఈ రోజుల్లో దండగ. ప్రతి మంచానికీ ఇన్‌ఫ్యూజన్ పంపు ఉంటుంది, సెలైన్ వేగం అదే చూసుకుంటుంది. ఎవరు కూర్చుని చుక్కలు లెక్కపెడుతున్నారు? ఆ టైంలో ఈసీజీ నేర్పితే పనికొస్తుంది.

పాలకొండ_విజయ:
పద్మజగారూ, నేను లెక్కపెట్టానండి. మన్యం ఏజెన్సీ ఊళ్ళలో ఏఎన్‌ఎంగా చేశాను. వానాకాలంలో కరెంటు పోతే సాయంత్రం దాకా వచ్చేది కాదు. వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లకి సెలైన్ పెట్టి, వాచీలో సెకన్ల ముల్లు చూస్తూ, రోలర్ తిప్పుతూ రాత్రంతా కూర్చున్నాను. తల్లి టార్చిలైటు పట్టుకుంది. దండగ అనే మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఐసీయూ_పద్మజ:
అది అక్కడ, అదీ ఎప్పుడో. సుధ అడిగింది ఒంటారియో గురించి. ఇక్కడి ఆసుపత్రిలో కరెంటు పోతే జనరేటర్ ఉంది, పంపులో బ్యాటరీ ఉంది.

విండ్సర్_లక్ష్మి:
పంపుకి అంకె కొట్టేది మనమే కదండీ! 12.5 కొట్టాల్సిన చోట 125 కొడితే పంపు 125 పంపిస్తుంది. లెక్క తెలిసినవాళ్ళకే ఆ అంకె చూడగానే ఇదేదో తేడాగా ఉందే అనిపిస్తుంది.

ఐసీయూ_పద్మజ:
ఇప్పటి పంపుల్లో మందుల లైబ్రరీ ఉంటుంది, హద్దు దాటితే మోగుతుంది. స్టూడెంట్లు నాకు పంపుల గురించి చెప్పనక్కర్లేదు. అయినా ప్రాక్టికల్ నర్సులకి అంత క్రిటికల్ పేషెంట్లని ఎవరిస్తారు? మీరు చూసేది ఎక్కువగా వృద్ధాశ్రమాలే.

విండ్సర్_లక్ష్మి:
నేను స్టూడెంట్‌ని కాదు. నిరుడే ప్రాక్టికల్ నర్సుల లైసెన్సు పరీక్ష రెక్స్-పీఎన్ పాసయ్యాను, ఇప్పుడు సర్జికల్ వార్డులో చేస్తున్నాను. మీ లైసెన్సు నంబరు వచ్చిందా అని నేను అడగలేదు, మీరూ మమ్మల్ని తక్కువ చేయకండి.

ఐసీయూ_పద్మజ:
రాలేదు. వచ్చే నెల ఎన్‌క్లెక్స్, రిజిస్టర్డ్ నర్సుల లైసెన్సు పరీక్ష. 14 ఏళ్ళు ఐసీయూ చేసి ఇక్కడ పీఎస్‌డబ్ల్యూగా (రోగులకి స్నానం, తిండి లాంటివి చూసే సహాయకురాలిగా) చేస్తున్నాను, మందు ముట్టుకునే హక్కు లేదు. ఆ బాధ మీకు తెలియదు.

హామిల్టన్_రేవతి:
తెలుసు పద్మజగారూ. నాకు బాగా తెలుసు.

ఫార్మా_కిరణ్:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా చెల్లి ఇంటర్ బైపీసీ, గుంటూరు. స్టూడెంట్ వీసా మీద నేరుగా కాలేజ్ ఆఫ్ నర్సెస్ ఆఫ్ ఒంటారియోలో సీటు దొరుకుతుందా?

బ్రాంప్టన్_అనిత:
కిరణ్‌గారూ, పేరు చూసి చాలామంది పొరపడతారు. కాలేజ్ ఆఫ్ నర్సెస్ చదువు చెప్పే చోటు కాదు, లైసెన్సులిచ్చే సంస్థ, మన దగ్గర నర్సింగ్ కౌన్సిల్ లాంటిది. చదువు వేరే కాలేజీల్లో. చాలా కాలేజీలు ఈ కోర్సు అంతర్జాతీయ విద్యార్థులకు ఇవ్వడం లేదు. ఏజెంటు మాట మీద డబ్బు కట్టొద్దు, "ప్రీ హెల్త్" అని ఒక ఏడాది కోర్సులో చేర్పించి అదే నర్సింగ్ అని చెప్పేవాళ్ళున్నారు. మా ఊరి అమ్మాయి అలాగే మోసపోయింది. మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది.

వాంకూవర్_శ్రీను:
బ్రిటిష్ కొలంబియా వైపు వచ్చేవాళ్ళకి ఒక మాట. ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సుని ఆర్‌పీఎన్ అంటారు. ఇక్కడ ఆర్‌పీఎన్ అంటే సైకియాట్రిక్ నర్సు, ప్రాక్టికల్ నర్సు ఎల్‌పీఎన్. ఉద్యోగాలు వెతికేటప్పుడు తికమక పడకండి. ఇంకో సంగతి. మా ఆవిడ చేరతానంటోంది. నాకు అభ్యంతరం లేదు. కానీ రెండేళ్ళు చదివి, అప్పు చేసి, ముసలివాళ్ళ మలమూత్రాలు ఎత్తే ఆయా పని చేయాలా అని మా అమ్మ అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు.

కరీంనగర్_తమ్ముడు:
అన్నా, ఆ మాట మా ఇంట్ల కూడ అన్నరు. మొగోడివి, నీకెందుకీ పని అని. నేను చేస్తున్న పని గురించి గట్ల మాట్లాడితే నాకు కోపం వస్తది, చెప్తున్న.

పాలకొండ_విజయ:
శ్రీనుగారూ, మీ అమ్మగారికి ఇది చదివి వినిపించండి. ఇక్కడ కోర్సులో నా మొదటి ప్లేస్‌మెంట్ లాంగ్‌టర్మ్ కేర్‌లో, అంటే వృద్ధులని చూసుకునే చోట. నాకిచ్చింది 88 ఏళ్ళ పెద్దావిడని, డిమెన్షియా. నేను దుప్పటి తీయగానే చెయ్యి విసిరి కొట్టింది. మా టీచరు ఏమీ అనకుండా గోరువెచ్చని తువ్వాలు ఆవిడ చేతికే ఇచ్చింది. ఆవిడ తనే మొహం తుడుచుకుని, నా వైపు చూసి, ఇంకో చెంప చూపించింది. అప్పుడు నన్ను దగ్గరికి రానిచ్చింది. ఒంటి మీద ఒక్కో భాగమే తెరిచి, తుడిచి, ఆరబెట్టి, కప్పి, ఆ తర్వాతే ఇంకో భాగం. ఎడమ మడమ మీద ఎర్రమచ్చ ఉంది. వేలితో నొక్కితే తెల్లబడలేదు. పడక పుండు అలాగే మొదలవుతుంది. టీచరుని పిలిచి చూపించాను. వెంటనే కాళ్ళ కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చేశారు. రెండో వారానికి మచ్చ పోయింది. శుభ్రం చేసే పని తక్కువదని వదిలేస్తే ఆ మడమ ఎవరు చూసేవాళ్ళు? ఆయాలు కూడా గౌరవంగా చేసే పనే అది. మేము చేసేటప్పుడు చర్మం, ఊపిరి, మింగడం, మాట, అన్నీ కనిపెట్టి రాస్తాం.

వాంకూవర్_శ్రీను:
విజయగారూ, అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. కాసేపాగి, తాతయ్య మంచాన పడ్డప్పుడు వీపంతా పుళ్ళు పడ్డ సంగతి చెప్పింది. నేనెప్పుడూ వినలేదు.

కరీంనగర్_తమ్ముడు:
లక్ష్మక్కా, రెక్స్-పీఎన్ గురించి చెప్పు. 2022 జనవరి నుంచి వచ్చిన పరీక్ష కదా, సీనియర్లు చదివిన పాత పుస్తకాలు పనికొస్తయా?

విండ్సర్_లక్ష్మి:
దీనికి ముందున్న సీపీఎన్‌ఆర్‌ఈ పరీక్ష పుస్తకాల్లో విషయం పనికొస్తుంది తమ్ముడూ, కానీ పరీక్ష తీరు వేరు. మన జవాబుని బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఇస్తుంది. కనీసం 90, గరిష్ఠం 150, నాలుగు గంటలు. వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం ఉండదు. నాకు 90 దగ్గర తెర ఆగిపోయింది. పోయిందనే అనుకున్నాను, కారులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేసి మాట్లాడలేకపోయాను. పాసని తెలిశాక ముందు మా అమ్మకి చేశాను. "ఎవరిని ముందు చూడాలి" అనే ప్రశ్నలు రోజూ చెయ్యి. మన దగ్గర డాక్టరు చెప్పింది చేయడం అలవాటు, ఇక్కడ నిర్ణయం నువ్వు చెప్పాలి.

ఐసీయూ_పద్మజ:
సుధా, నిన్న కోపంలో రాశాను. లెక్కలకి భయపడకు. పిల్లల వార్డులో మైక్రోడ్రిప్ సెట్టు 60 చుక్కలది, దానికి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. గంటకి 40 అంటే నిమిషానికి 40. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే లెక్క వేయకుండానే రాసెయ్యొచ్చు. పంపు విషయంలో మాత్రం నా మాట నాదే.

కాకినాడ_సుధ:
అందరికీ చాలా థాంక్స్ అండి. టీబీ పరీక్షకి శుక్రవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. జీఎన్‌ఎం మార్కులు వెస్‌కి (విదేశీ చదువులని ఇక్కడి చదువుతో పోల్చి చెప్పే సంస్థ) పంపే పని మొదలుపెట్టాను. ఇంకా రెండు మిగిలాయి: ఓసాప్ పోను చేతి ఖర్చు, పొద్దున టైము. మా వారిది రాత్రి షిఫ్టు, ఏడున్నరకి గానీ ఇంటికి రారు. మా దగ్గర డేకేర్ ఏడింటికి తెరుస్తారు.

బ్రాంప్టన్_అనిత:
ఓసాప్ సైటులోనే అంచనా వేసే పేజీ ఉంది, మీ ఆదాయం కొట్టి చూడండి, ఒక్కో ఇంటికి ఒక్కోలా వస్తుంది. టైము విషయానికొస్తే, మాకు 6:45కి యూనిట్‌లో ఉండాలి, ఏడింటికి రిపోర్టు, అంటే రాత్రి నర్సు పేషెంట్ల సంగతి చెప్పి అప్పగించడం. ఆలస్యమైతే వెనక్కి పంపేస్తారు. ఆఖరి సెమిస్టర్‌లో మీకు అప్పగించిన నర్సు షిఫ్టే మీ షిఫ్టు, 12 గంటలు, రాత్రులు కూడా. మంచు రోజుల్లో నేను ఐదుంబావుకి బయల్దేరేదాన్ని. మా పాపని మా వీధిలోని ఒక పంజాబీ ఆంటీ దగ్గర నిద్రలోనే దుప్పటితో సహా దించేదాన్ని. ఆవిడే పాలు పట్టి స్కూలు బస్సు ఎక్కించేవారు. మా పాప పెద్దదైంది, ఇప్పుడు ఆవిడ దగ్గర ఒక చోటు ఖాళీ ఉండొచ్చు. మీరు బ్రాంప్టన్‌లో ఏ వైపు ఉంటారు? నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, సాయంత్రం వెళ్ళి అడిగి చెప్తాను.