అసువులు ‘బాసిన’ వీరులా, ‘బాపిన’ వీరులా?

బడిపంతులు: జులై 26, కార్గిల్ విజయ్ దివస్ కోసం తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు మీద రంగు సుద్దలతో రాశారు: “దేశం కోసం అసువులు బాపిన వీరులకు జోహార్లు”. ‘పి’ చెరిపి ‘సి’ రాయబోతే ఓ పిల్ల అడ్డుపడింది. “బాపడమంటే పోగొట్టడమే కదా సార్, ప్రాణాలు పోగొట్టుకున్నారుగా?” అంది. వెంటనే జవాబు తోచలేదు. పైగా “అసువులఁ బాసి” అని ఏదో పద్యపాదం పొద్దుట్నుంచీ నాలుక మీద ఆడుతోంది. ఎక్కడిదో అందట్లేదు.

అరసున్న: దిద్దేయండి మాస్టారూ. బాయు అంటే విడిచిపోవడం, బాపు దానికి ప్రేరణం, అంటే విడిచిపోయేలా చేయడం. ఆకలి బాపినవాడు ఆకలిని తీర్చినట్టే, అసువులు బాపినవాడు అసువులు తీసినవాడు. కార్గిల్‌లో మనవాళ్ళను 527 మందిని చంపినవాళ్ళకు జోహార్లవుతుంది! ఆ అమ్మాయి మాటలోనే జవాబుంది: పోగొట్టు‘కున్నారు’ అంది. ఆ ‘కొను’ బోర్డు మీద లేదు.

తెలుగమ్మాయి: అర్థం సరే, ‘బా’ ఎక్కణ్ణుంచి వచ్చింది? అసువులు + పాసి అయితే గసడదవాదేశంతో, అంటే క చ ట త ప లు గ స డ ద వ లయ్యే సంధితో, ‘వాసి’ కావాలి.

అరసున్న: మాస్టారి నాలుక మీదున్నది ‘అసువులన్’. ద్రుతం, అంటే ఆ చివరి ‘న్’, మీద పాసి, బాసి అయింది. ఆ ‘న్’ అరసున్నగా మారి, అదీ రాలిపోయి సరళం ‘బ’ మిగిలింది.

తెలుగమ్మాయి: బాయు విడిగానే ఉందిగా. ఎడబాటులో ఏ ద్రుతం?

అరసున్న: ఎడఁబాటు. పాత అచ్చు చూడండి.

తెలుగమ్మాయి: బాలవ్యాకరణంలో చిన్నయసూరిగారు గసడదవలు ‘బహుళంబుగా’ అన్నారండీ, అంటే ప్రతిచోటా రానక్కర్లేదని. ఆ మాట మరవకండి.

పోతనప్రియ: “ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను”. తప్పెను, దప్పెను అయింది; మీ గసడదవ ఇక్కడ ‘ద’లో ఉంది. కానీ నన్ను ఆపేది అది కాదు. కాలు మొసలి నోట్లో ఉన్నా ఆ పోతన పద్యంలో గజేంద్రుడు మొసలి పేరే ఎత్తడు. ప్రాణాలు ఉన్నచోటు తప్పాయంటాడు, అంతే. ‘బాసిన’లోనూ ఆ మర్యాదే ఉంది. చంపినవాడికి ఆ వాక్యంలో చోటు లేదు.

బడిపంతులు: ఈ మాట రేపు క్లాసులో చెబుతాను. కార్గిల్ యుద్ధంలో జూన్ 28న లోన్ హిల్ దగ్గర ఒరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య చివరి ఉత్తరం ప్రార్థనలో చదివించాం. కడుపుతో ఉన్న భార్యకు రోజుకో భారత కథ చెప్పమని నాన్నకు రాశారాయన. బోర్డు ఆ పిల్లే దిద్దింది. ఇప్పుడు ‘అసువులు’ పక్కన అరసున్న పెట్టాలా అంటోంది. ఇంతకీ ఆ పాదం ఎవరిది?

పోతనప్రియ: నడక చూస్తే తిక్కనదేమో.

అరసున్న: ముందు వెనక చెప్పకుండా నడకెలా చూశారండీ?