పొద్దున మంచం దిగలేకపోతున్నాను, మీరైతే ఏం చేశారు?

మాది విజయవాడ. డిప్రెషన్‌కి డాక్టర్ రాసిన ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. 7 వారాలుగా మానకుండా వేసుకుంటున్నాను, ఏడుపు తగ్గింది, ఆకలి వేస్తోంది, కానీ తెల్లవారుజామున 4కే మెలకువ వచ్చి, గుండెల మీద బండ పెట్టినట్టు ఉండి 9 దాకా లేవలేను. సాయంత్రం గుణదల కొండ మెట్లు ఎక్కి, పైన శిలువ దగ్గర ప్రార్థన చేసుకుని దిగితే మాత్రం రెండు మూడు గంటలు మనసు తేలిగ్గా ఉంటుంది, అందుకే అదే పొద్దున చేద్దామని 3 వారాలు ప్రయత్నించా. అలారం దూరంగా పెట్టా, బూట్లు మంచం పక్కనే ఉంచా, పడుకునే 42వ కీర్తన ఫోన్‌లో విన్నా. వెళ్లగలిగింది 2 రోజులే. (విశ్వాసం ఉంటే మాత్రలెందుకని దయచేసి అనకండి, అవీ దేవుడిచ్చిన సాయమే.) ఇలాంటి ఉదయాలు దాటినవాళ్లు, కళ్లు తెరిచాక మంచం దిగడానికి మొట్టమొదట ఏం చేసేవారు?