షార్ట్ ఫిల్మ్‌కి మొదట్లో టైటిల్స్ అవసరమా? కాస్త చెప్పండి

మాది పావుగంట కూడా లేని దొంగతనం కథ అండి, మా ఎడిటర్ ఏమో మొదట్లో నిమిషం పాటు టైటిల్స్ పడాల్సిందే అని పట్టుబట్టాడు, నాకేమో ఎవడు చూస్తాడు, నెట్‌ఫ్లిక్స్‌లో స్కిప్ ఇంట్రో బటన్ 2017లోనే వచ్చేసింది కదా అనిపిస్తోంది. కానీ 1995 నాటి సెవెన్ అనే హాలీవుడ్ సినిమా చూశాక డౌట్ మొదలైంది, కైల్ కూపర్ చేసిన ఆ టైటిల్స్‌లో హంతకుడి మొహం కనపడదు, చేతులే, బ్లేడుతో వేలి చర్మం గీక్కోవడం, నోట్‌బుక్కులు సూదీ దారంతో కుట్టడం, వాడు తెరమీదకి రాకముందే మనకి వణుకు పుట్టేస్తుంది (పేర్లు ఎవరివో మాత్రం ఒక్కటీ గుర్తులేదు). గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్ టైటిల్స్‌లో అయితే కథ ఎక్కడ నడుస్తుందో దాన్ని బట్టి చూపించే మ్యాపే మారేది. మరి నేను కూడా దొంగ చేతులు, తాళాలు లాంటివి చూపిస్తే మూడ్ సెట్ అవుతుందా లేక సస్పెన్స్ లీక్ అయిపోతుందా? పోనీ మొదటి సీన్ అయ్యాక వేస్తే? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.