అత్తగారి బి12 లోపానికి ఇంజెక్షన్ల బదులు స్పిరులినా మాత్రలు సరిపోతాయా?

ప్రశ్న: మౌలాలి కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తగారి వయసు 63 ఏళ్లు. ఆవిడ మొదటి నుంచీ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. పన్నెండేళ్లుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రెండు నెలలుగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందని అంటుంటే రక్తపరీక్షలు చేయించాము. హిమోగ్లోబిన్ 9.8, విటమిన్ బి12 140 వచ్చాయి. డాక్టరు గారు బి12 ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు రాసిచ్చారు.

ఈలోగా పార్కులో ఆవిడతో కలిసి నడిచే ఒకరు స్పిరులినా మాత్రల డబ్బా తెచ్చి ఇచ్చారు. ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాముల మాత్ర. రోజుకు ఆరు వేసుకోవాలట. 120 మాత్రలకు 1,400 రూపాయలు తీసుకున్నారు. ఇందులో అరవై శాతం మాంసకృత్తులేనని, బి12 పుష్కలంగా ఉంటుందని, ఒక కిలో స్పిరులినా వెయ్యి కిలోల కూరగాయలకు సమానమని, కాబట్టి సూదులు మానేసినా ఏమీ కాదని ఆవిడకు నచ్చజెప్పారు. అత్తగారికి ముందే సూదంటే భయం. నేను వద్దంటే కోడలు ఖర్చుకు వెనకాడుతోందని అనుకుంటారేమోనని నాకు బెరుకుగా ఉంది. డబ్బా మీది పట్టికలో బి12 అని నిజంగానే రాసి ఉంది. తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

జవాబు 1: తార్నాక డైటీషియన్ (విశ్రాంత)

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఇంజెక్షన్లు ఆపవద్దు. మిగిలినదంతా తీరికగా చదువుకోవచ్చు.

స్పిరులినాను మనం నాచు అంటున్నా, అది నిజానికి నీలి ఆకుపచ్చ రంగులో ఉండే ఒక బ్యాక్టీరియా. క్షారగుణం ఎక్కువగా ఉన్న నీటిలో, మంచి ఎండలో పెరుగుతుంది. మెక్సికోలోని టెస్కోకో సరస్సు నుంచి అజ్టెక్కులు దీనిని తీసి తినేవారు. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతంలో ఈనాటికీ దీనిని ఎండబెట్టి, ‘దిహే’ అనే పేరుతో బిళ్లలుగా అమ్ముతారు. అక్కడివారు దానిని పులుసులో కలిపి జొన్న, సజ్జ ముద్దలతో తింటారు. అంటే అది వారికి మాత్ర కాదు, కూర. ఈ తేడాను గుర్తుంచుకుంటే మీ డబ్బా లెక్క సులువుగా తేలుతుంది.

వంద గ్రాముల పొడి స్పిరులినాలో సుమారు 57 గ్రాముల మాంసకృత్తులు, 28 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. ఇది అబద్ధం కాదు. అయితే వంద గ్రాములు ఎవరు తింటారు? మీ అత్తగారు తీసుకోబోయేది రోజుకు మూడు గ్రాములు. అందులో వచ్చేవి 1.7 గ్రాముల మాంసకృత్తులు, ఒక మిల్లీగ్రాముకు లోపు ఇనుము. పిడికెడు, అంటే 30 గ్రాముల వేరుశనగపప్పులో ఏడు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వంద గ్రాముల తోటకూరలో నాలుగు మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా ఇనుము ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు 46 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. మీరు రోజుకు 70 రూపాయలు పెట్టి కొంటున్నది అందులో ఇరవయ్యో వంతు కూడా కాదు.

వెయ్యి కిలోల కూరగాయల మాట నేను ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ వింటున్నాను. తోటకూర బరువులో ఎనభై శాతానికి పైగా నీరే; స్పిరులినాను నీరంతా ఆరిపోయాక తూస్తారు. ఎండిన దానిని పచ్చిదానితో తూకం వేస్తే ఎండినదే గెలుస్తుంది, అందులో వింతేమీ లేదు. ఆ వెసులుబాటు ఇచ్చి మాంసకృత్తులను పోల్చినా, ఒక కిలో స్పిరులినా పదిహేడు, పద్దెనిమిది కిలోల తోటకూరకు సాటి వస్తుందే తప్ప వెయ్యి కిలోలకు కాదు.

ఇక అసలు సంగతి బి12. పట్టికలో ఉన్నది అచ్చు తప్పు కాదు. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది బి12ను పోలిన మరొక పదార్థం; శాస్త్రజ్ఞులు దానిని మిథ్యా బి12 అంటారు. అణువు ఆకారం దాదాపు ఒకటే కానీ దానికి అడుగున అతికి ఉండే చిన్న భాగం వేరు. మన జీర్ణాశయంలో తయారయ్యే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ అసలైన బి12ను పట్టుకుని పేగులో లోపలికి చేరుస్తుంది, ఈ మిథ్యా రూపాన్ని మాత్రం సరిగా పట్టుకోదు. పాత పరీక్షా పద్ధతిలో బి12 ఉంటేనే పెరిగే ఒక రకం బ్యాక్టీరియాను వాడి, అది ఎంత పెరిగిందో చూసి బి12 ఎంతుందో లెక్కకట్టేవారు. ఆ బ్యాక్టీరియా మిథ్యా బి12ను తిని కూడా పెరుగుతుంది. నోట్లు లెక్కించే యంత్రం రద్దయిన నోట్లనూ కలిపి లెక్కపెట్టినట్టు, మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది; అంగడికి పోతే అందులో చాలావరకు చెల్లదు. నెదర్లాండ్స్‌లో బి12 లోపం ఉన్న పిల్లలకు ఇలాంటి నాచులు ఇచ్చి చూసిన పరిశోధన 1991లో వెలువడింది. పిల్లల రక్తంలో బి12 అంకె పెరిగింది గానీ, లోపాన్ని చూపే ఎర్ర రక్తకణాల పరిమాణం మాత్రం మెరుగుపడకపోగా మరింత చెడింది.

మీ అత్తగారి విషయంలో ఇది ఎందుకు ముఖ్యమంటే, మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 శరీరానికి అందడం తగ్గుతుంది, శాకాహారం వల్ల ఆహారంలో వచ్చేదే తక్కువ. పైగా అరికాళ్ల తిమ్మిరిని అందరూ షుగరు ఖాతాలో వేసేస్తారు. బి12 లోపం వల్ల నరాలకు కలిగే నష్టాన్ని ఎక్కువ కాలం వదిలేస్తే, తర్వాత మందు ఇచ్చినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. సూదంటే మరీ భయమైతే, ఎక్కువ మోతాదు బి12 మాత్రలకు మార్చవచ్చేమో డాక్టరు గారిని అడగండి. స్పిరులినాను మాత్రం ఆ స్థానంలో పెట్టకండి.

జవాబు 2: సైనిక్‌పురి నడక

పై జవాబుతో నేను విభేదించడం లేదు, కానీ స్పిరులినా పూర్తిగా పనికిరానిదనే అభిప్రాయం కలగకూడదని రాస్తున్నాను. నేను కొన్ని నెలలుగా రోజుకు రెండు గ్రాములు తీసుకుంటున్నాను. చలికాలం తెల్లవారుజామున నాకు వచ్చే తుమ్ములు, ముక్కు కారడం కొంత తగ్గాయి. టర్కీలో అలర్జీ జలుబు ఉన్నవారిపై జరిగిన పరిశోధనలోనూ ఇటువంటి ఫలితమే కనిపించింది. చెడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కొద్దిగా తగ్గినట్టు కొన్ని చిన్న పరీక్షలు చెబుతున్నాయి. అయితే వాటిలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ కాబట్టి మా డాక్టరు గారు నా కొలెస్ట్రాల్ మాత్రను ఆపలేదు, నేనూ అడగలేదు. రుచి, వాసన గురించి ఎవరూ చెప్పరెందుకో గానీ, పొడిగా కొంటే చెరువుగట్టు గుర్తుకు వస్తుంది. మజ్జిగలో కలిపి ఒక్కరోజే ప్రయత్నించాను, మర్నాడు మాత్రలకు మారాను.

జవాబు 1కు కొనసాగింపు: తార్నాక డైటీషియన్ (విశ్రాంత)

మీరు గుర్తుచేయడం మంచిదైంది. బీటా కెరోటిన్, అంటే మన శరీరం విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం విషయంలో స్పిరులినా నిజంగానే ఘనమైనది. మూడు గ్రాములలో కూడా లెక్కకు వచ్చేంత అందుతుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 1990ల తొలినాళ్లలో చిన్నపిల్లలపై దీనిని పరీక్షించారు కూడా. కాకపోతే ఆరబెట్టే పద్ధతిని బట్టి ఇది బాగా తగ్గిపోతుంది, ఎండలో వదిలేసిన సరుకులో పెద్దగా మిగలదు. సున్నం, అంటే కాల్షియం విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మూడు గ్రాములలో నాలుగు మిల్లీగ్రాములైనా ఉండదు, ఒక రాగి సంకటి ముద్ద ముందు అది దిగదుడుపే.

జవాబు 3: నాచారం ల్యాబ్ ఉద్యోగి

నేను ఆహార పదార్థాల పరీక్షా విభాగంలో పనిచేస్తాను, కాబట్టి సరుకు గురించి మాత్రమే చెబుతాను. స్పిరులినా తాను పెరిగే నీటిలోని సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలను పీల్చుకుంటుంది. శుభ్రత లేని నీటిలో దానితోపాటు వేరే జాతి నాచులు పెరిగితే, అవి మైక్రోసిస్టిన్ అనే, కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని విడుదల చేయవచ్చు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం సరస్సు నుంచి తీసే మరో రకం నాచు ఉత్పత్తులకు 1997లోనే గ్రాముకు ఒక మైక్రోగ్రాము అనే హద్దు పెట్టింది. తొట్లలో, క్షారత తగ్గకుండా చూసుకుంటూ పెంచిన స్పిరులినాలో ఈ భయం తక్కువ. మిద్దె మీద ప్లాస్టిక్ తొట్టిలో పెంచుకుందామనుకునేవారు ఈ మాటను దృష్టిలో పెట్టుకోవాలి.

మీ డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తుతోపాటు 14 అంకెల లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఇటువంటి ఉత్పత్తులకు మన దేశంలో వర్తించే 2016 నిబంధనల ప్రకారం, వైద్య అవసరాలకు వాడరాదనే హెచ్చరికను కూడా డబ్బా మీద ముద్రించాలి. అత్తగారికి మీరు నోటితో చెప్పేకంటే ఆ పంక్తిని చూపించడం తేలిక. ఫినైల్‌కీటోన్యూరియా (పుట్టుకతో వచ్చే ఒక జీవక్రియ లోపం) ఉన్నవారు, కీళ్లవాతం, లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బులు ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు.

మౌలాలి కోడలు

అందరికీ ధన్యవాదాలు. ఈ సాయంత్రం డబ్బాను వెలుతురులో పెట్టి చూశాము. లైసెన్సు సంఖ్య ఉంది. వైద్య అవసరాలకు కాదన్న హెచ్చరిక అడుగున చిన్న అక్షరాలలో ఉంది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని తానే చదివి, “మందు కాదని వాళ్లే రాసుకున్నారుగా” అన్నారు. రద్దయిన నోట్ల పోలిక కూడా ఆవిడకు బాగా పట్టింది. 2016లో పోపుల డబ్బా అడుగున దాచుకున్న నోట్లు ఆవిడకు ఇంకా గుర్తే. రేపు ఉదయం మొదటి ఇంజెక్షన్‌కు ఒప్పుకున్నారు. డబ్బాలో ఇంకా 108 మాత్రలు ఉన్నాయి. డబ్బు దండగ కాకూడదని, డాక్టరు గారు సరేనంటే రోజుకు రెండు చొప్పున వేసుకుంటానంటున్నారు. అలా వేసుకుంటే ఇబ్బంది ఏమైనా ఉందా?

తార్నాక డైటీషియన్ (విశ్రాంత)

మీరు చెప్పిన వివరాలను బట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా రేపు డాక్టరు గారికి డబ్బా చూపించి అడగండి. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ లేకుండా చూడండి. తర్వాతి రక్తపరీక్షలో బి12 అంకె ఒక్కటే కాకుండా హిమోగ్లోబిన్, ఎర్ర రక్తకణాల పరిమాణం కూడా రాయించుకోండి.