మాటకారి ఆటగాడు, మాట చెల్లని డ్వార్ఫ్: చరిష్మా 8ని ఎలా ఆడాలి?

ఇనుపగడ్డం:
నమస్కారం. మేం ఐదుగురం ఆదివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరం ఒక పాత్రగా మాట్లాడుతూ, ఇరవై ముఖాల పాచికతో ఫలితం తేల్చుకునే బల్ల ఆట) ఆడుతున్నాం, 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలతో. నా పాత్ర డ్వార్ఫ్ (పొట్టి మనుషుల జాతి) ఫైటర్, అంటే యోధుడు, వృత్తి కమ్మరం. 15, 14, 13, 12, 10, 8 అంకెలను ఆరు లక్షణాలకు పంచేటప్పుడు 8ని తీసుకెళ్లి చరిష్మాలో, అంటే ఎదుటివాళ్లను మాటతో, వ్యక్తిత్వంతో ఆకట్టుకునే శక్తిలో, పడేశాను. కత్తి పట్టేవాడికి దానితో పనేముంది అనుకున్నాను.

చిక్కేమిటంటే నా ఉద్యోగం అమ్మకాల్లో. పొద్దున లేస్తే మాటల మీదే బతుకు. రెండో వారం కోట ద్వారం దగ్గర కాపలావాడితో నా ధోరణిలో ఐదు నిమిషాలు మాట్లాడాను. బల్ల చుట్టూ చప్పట్లు. అప్పుడు మా డీఎం (ఆట నడిపించేవాడు) "బాగుంది, పాచిక వెయ్యి" అన్నాడు. 3 పడింది. చరిష్మా 8 కాబట్టి ఒకటి తీసేస్తే 2. "కాపలావాడికి నీ మొహం నచ్చలేదు" అన్నాడు.

మరుసటి వారం మూడు గంటలు నోరు మెదపకుండా కూర్చున్నాను. ఆపై వారం పంథా మార్చి సత్రం యజమానిని నోటికొచ్చినట్టు తిట్టాను. అర్ధరాత్రి మా అందరినీ వర్షంలోకి గెంటేశారు. బార్డ్ (పాటలతో, మాటలతో నెగ్గుకొచ్చే పాత్ర) ఆడే మిత్రురాలు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది. మాట్లాడితే తప్పు, మానేస్తే విసుగు, తిడితే గొడవ. ఏం చేయాలి?

గోబ్లిన్ గుమస్తా:
ఆ డ్వార్ఫ్‌ను ఏ డ్రాగన్‌కో ఆహారం వేసి కొత్త పాత్ర రాసుకోండి. సరదాకే అన్నాను, కొట్టకండి.

వారాంతపు డీఎం:
ఇనుపగడ్డం గారూ, ముందు లెక్క చూద్దాం. 8 అంటే పాచిక మీద ఒకటి తగ్గుతుంది, అంతే. 10 ఉన్న మామూలు మనిషికీ మీ డ్వార్ఫ్‌కూ తేడా, ఇరవై సార్లు వేస్తే ఒక్కసారి. డీసీ (నెగ్గాలంటే పాచిక మొత్తం చేరాల్సిన అంకె) 15 ఉన్న పనిలో, ఒప్పించడానికి +5 ఉన్న బార్డ్ ఇరవైకి పదకొండు సార్లు నెగ్గితే మీరు ఐదు సార్లు నెగ్గుతారు. డీసీ 10 అయితే మీకూ సగానికి సగం అవకాశం ఉంది. సగం సార్లు మాట నెగ్గించుకోగలిగేవాడిని మూగవాడిగా ఆడమని ఏ నియమమూ చెప్పదు.

ఇక తిట్టడం. దుర్వాసుడిని తలచుకోండి. ఆయన నోట తీపి మాట వచ్చిన సందర్భం కోసం వెతుక్కోవాలి. అయినా ఆయన గుమ్మంలో అడుగు పెడితే రాజులు సింహాసనం దిగివచ్చి కాళ్లు కడుగుతారు. నా లెక్కలో ఆయన చరిష్మా 18. మొరటుతనం వేరు, చరిష్మా లేకపోవడం వేరు. చరిష్మా లేనివాడు కోప్పడితే ఎవరూ వణకరు, "ఎవరయ్యా ఈయన?" అని పక్కవాళ్లను అడుగుతారు. ఆటలో బెదిరింపు నైపుణ్యం కూడా చరిష్మా కిందే ఉందన్నది గమనించే ఉంటారు. అంటే సత్రంలో మీరు ఆడింది 8 కాదు, అంతకంటే పెద్ద అంకె.

మరి 8 అంటే ఏమిటి? మనిషి మంచివాడే, చెప్పేదీ నిజమే, కానీ మాట చెల్లదు. ఎందుకు చెల్లదో ఒకే ఒక్క కారణం ఎంచుకోండి. ఒకటికి మించి వద్దు, రెండు మూడు కలిపితే పాత్ర పోయి కోతి చేష్టలు మిగులుతాయి. మీది కమ్మరి పాత్ర కాబట్టి నాకు తోచింది చెబుతాను. ఎవరింటికి వెళ్లినా నమస్కారం కంటే ముందు తలుపు మడతబందులు చూస్తాడు. జమీందారు తాత ముత్తాతల నాటి కత్తి గర్వంగా చూపిస్తే, అది ఎక్కడ విరిగి ఎక్కడ అతికిందో వేలు పెట్టి చెబుతాడు. చావింటికి వెళ్లి శవపేటిక మేకుల పనితనం మెచ్చుకుంటాడు. మెప్పు మనస్ఫూర్తిగా ఇచ్చిందే, వేళే తప్పు. మా బంధువుల్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరికి ఉద్యోగం వచ్చిందన్నా "జీతమెంత?" అని తేల్చుకున్నాకే అభినందన. ఆపదలో అర్ధరాత్రైనా వచ్చి నిలబడతారు. అయినా ఆయన ఎదురొస్తుంటే జనం వీధి మారతారు. అదీ చరిష్మా 8.

అన్నిటికంటే ముఖ్యం వరుస. మీరు ముందు ఉపన్యాసం ఇచ్చి తర్వాత పాచిక వేశారు. అందుకే 3 పడగానే అంత మంచి మాటలు ఎందుకు పనిచేయలేదో ఎవరికీ అర్థం కాలేదు, డీఎం మీ మొహం మీదికి నెట్టాడు. దీన్ని తిరగేయండి. ఏం కావాలో, దేని ఆధారంగా అడుగుతున్నారో రెండు వాక్యాల్లో చెప్పండి: "చీకటి పడకముందే లోపలికి వెళ్లాలి. మేం వర్తకుల బండికి కాపలాగా వచ్చామని చెబుతాను." అప్పుడు పాచిక వేయండి. అంకె చూశాక నటించండి. 2 వచ్చిందా, మీ డ్వార్ఫ్ కాపలావాడి కంటే ముందు ద్వారం గొలుసును పలకరించి, "ఈ గొలుసును ఎవడైనా రెండు దెబ్బల్లో తెంచేస్తాడు" అన్నాడు. ఇక లోపలికి ఎవరు పోనిస్తారు? 16 వచ్చిందా, అదే మాట, అదే గొలుసు. కాకపోతే ఆ కాపలావాడు నెల రోజులుగా పై అధికారికి మొరపెట్టుకుంటున్నది ఆ గొలుసు గురించే. నెగ్గినా ఓడినా పాత్ర మారదు, ఎదుటివాడి చెవి మారుతుంది. ఇలా ఆడితే మీ మాటకారితనం వృథా పోదు సరికదా, మంచి మాట ఎక్కడ తప్పాలో మీ అంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

మీ బార్డ్ సంగతి. ఆమె సన్నివేశంలో నోరు పెట్టే ముందు ఆటకు బయట ఒక్క మాట అడగండి: "ఇక్కడ మా వాడు అడ్డు తగలవచ్చా?" వద్దంటే మానేయండి. ఇంకా మంచి దారి ఆమెకు సాయపడటం. 2014 నియమాల్లో మీరు సాయం చేస్తే ఆమె రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటుంది, 55 శాతం అవకాశం దాదాపు 80 అవుతుంది. మీ డ్వార్ఫ్ ఆమె చెవిలో "ఆ కత్తి నకిలీ" అని ఊదుతాడు, ఆమె దాన్ని నలుగురి ముందు అందంగా చెబుతుంది. 2024 నియమాల్లోకి మారితే మాత్రం సాయం చేసేవారికి తగిన నైపుణ్యం ఉండాలి.

నోరులేని బార్డ్:
నాది మీకు సరిగ్గా ఎదురు సమస్య. నేను నలుగురిలో గొంతు పెగలని మనిషిని, నా పాత్రకు చరిష్మా 16. మొదట్లో "ఏదీ, ఆ ప్రసంగం చెప్పు" అని అడిగేవారు. నాకు చెమటలు పట్టేవి. చివరికి ఒకరోజు అడిగేశాను, బలం 18 ఉన్నవాడిని ఈ బల్ల ఎత్తి చూపమని ఎందుకు అడగరని. అప్పటి నుంచి "రాణిగారి తండ్రి జ్ఞాపకాన్ని తాకేలా మాట్లాడతాను" అని చెబుతాను, పాచిక వేస్తాను, అంతే. ఆటగాళ్ల పుస్తకంలోనే ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి, పాత్ర గొంతుతో పలకడం, పాత్ర ఏం చేసిందో వర్ణించడం. అందుకే ఇనుపగడ్డం గారూ, మీ చప్పట్లకు డీఎం అదనపు అంకెలు వేయనందుకు నాకైతే సంతోషంగా ఉంది. వేస్తే నాలాంటివాళ్లం ఏమైపోవాలి?

తర్కం తాతయ్య:
నేను సగమే ఒప్పుకుంటాను. మాట తీరు పాచికకు వదిలేయండి, సరే. మాటలో సరుకుంటే దానికి విలువ కట్టాలి కదా? కాపలావాడి తమ్ముడు జైల్లో ఉన్నాడని కష్టపడి తెలుసుకుని, విడిపిస్తానని అడిగితే, అడిగినవాడు ఎంత ఎబ్బెట్టుగా అడిగినా అది వేరే బేరం. డీసీ 20 కాస్తా 15 కావాలి, లేదా అసలు పాచికే అక్కర్లేదు.

వారాంతపు డీఎం:
తాతయ్య గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సరుకు డీసీని మారుస్తుంది, తీరు పాచికలో తేలుతుంది. నేను పైన రాయవలసింది, మరిచాను.

పాత పెట్టె:
డ్వార్ఫ్ అనగానే చరిష్మా తక్కువన్న అలవాటు ఎక్కడిదో కాస్త చెబుతాను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట మొదటి పుస్తకాలు తెచ్చినప్పుడే ఆరు లక్షణాల్లో చరిష్మా ఉంది, కానీ దాని ముఖ్యమైన పని మీ వెంట ఎందరు నడుస్తారో, ఎంత నమ్మకంగా నడుస్తారో తేల్చడం. 1981 బేసిక్ పుస్తకంలో చరిష్మా 3 ఉన్నవాడికి అనుచరుడు ఒక్కడే, 18 ఉంటే ఏడుగురు. మన పత్రికలు నాయకుల గురించి రాసే "చరిష్మా"కు ఇదే దగ్గర. అందం దీనిలో ఒక పాలు మాత్రమే. దాన్ని విడిగా కొలవడానికి 1985లో "కమ్‌లీనెస్" అని ఏడో లక్షణం కూడా తెచ్చారు, నిలవలేదు. జనకుడి సభలో అష్టావక్రుడిని చూసి నవ్వినవాళ్లే ఆయన నోరు విప్పాక తలవంచారు. ఎనిమిది వంకరలు ఉన్నాయని ఆయన చరిష్మాకు 8 వేయగలమా?

2000లో వచ్చిన మూడో ఎడిషన్ డ్వార్ఫ్‌లందరికీ చరిష్మా రెండు తగ్గించింది. 2014 పుస్తకంలో ఆ కోత లేదు. కాబట్టి మీవాడి మాట చెల్లకపోవడం వాడి సొంత విషయం, జాతి మీద వేయకండి.

మరొకటి. లక్షణాల అంకెలు తేల్చే పాత పద్ధతిలో ఆరు ముఖాల పాచికలు మూడు కలిపి వేస్తే 216 విధాల్లో 56 విధాలు 8 లేదా అంతకంటే తక్కువే. నలుగురిలో ఒకరన్నమాట. మీ వీధిలో చూసుకోండి, వింతేమీ కాదు.

గోబ్లిన్ గుమస్తా:
బెదిరించాల్సి వస్తే ఇనుప కడ్డీ వంచి చూపండి, చరిష్మా బదులు బలంతో పాచిక వేయనివ్వమని డీఎంను అడగండి. 2014 పుస్తకంలో ఐచ్ఛిక నియమంగా ఉంది. ఈసారి నిజంగానే సలహా ఇస్తున్నాను.

ఇనుపగడ్డం:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆడాం. మడతబందుల అలవాటు తీసుకున్నాను. పిండిమర యజమాని దొంగల జాడ చెప్పనంటున్నాడు. ఏం కావాలో చెప్పి పాచిక వేశాను. 9 పడింది, 8 అయింది. కాబట్టి మావాడు లోపలికి వెళ్తూనే తిరగలి రాయి మీద చెవి పెట్టి, "ఆరు నెలల్లో పగులుతుంది" అన్నాడు. ఆయన భార్య అప్పుడే దీపం పెడుతోంది. అపశకునం పలికాడని మమ్మల్ని చేటతో తరిమింది. బల్ల చుట్టూ నవ్వులు, కానీ ఈసారి నా పక్షాన. బయటికి వచ్చాక బార్డ్‌తో "రాయి నేను బాగు చేయగలను" అన్నాను. ఆమె మళ్లీ లోపలికి వెళ్లి ఆ మాటనే బేరంగా మార్చింది, నా సాయంతో రెండు పాచికలు వేసి 19 తెచ్చింది. జాడ దొరికింది. ఆమె నాతో మామూలుగా మాట్లాడుతోంది కూడా.

ఒక సందేహం మిగిలింది. గెలిచినప్పుడు కూడా ఎబ్బెట్టుగానే ఉండాలా? ఎప్పుడూ ఒకే హాస్యమైతే పది వారాల్లో అందరికీ మొహం మొత్తదా?

వారాంతపు డీఎం:
మొత్తుతుంది. వారానికి ఒకసారి బయటికి తీయండి, చాలు. తోటివాళ్లతో శిబిరం దగ్గర కూర్చున్నప్పుడు మామూలు మనిషిలా మాట్లాడించండి. పరాయివాళ్ల ముందే కదా మనకూ నాలుక మడత పడేది. ఎదుటి మనిషి ఏమనుకుంటున్నాడో పసిగట్టే నైపుణ్యం విజ్ఞతకు చెందింది, చరిష్మాకు కాదు. మీ విజ్ఞత 12 అయితే, చేట చేతిలోకి తీసుకోకముందే ఆమెకు కోపం వచ్చిందని మీవాడికి తెలుసు. తెలిసీ సర్దుకోలేకపోతాడు. దాన్ని ఆడి చూడండి, అక్కడ హాస్యం తగ్గుతుంది.

పాత పెట్టె:
చరిష్మా సేవింగ్ త్రోల (ఆపదను తట్టుకోవడానికి వేసే పాచికల) గురించి ఎవరూ చెప్పలేదు. "బానిష్‌మెంట్" మంత్రాన్ని తట్టుకోవడానికి వేసేది చరిష్మా పాచికే. తప్పితే మీ డ్వార్ఫ్ నిమిషం దాకా ఈ లోకంలోనే ఉండడు. "జోన్ ఆఫ్ ట్రూత్" కూడా అంతే, తప్పితే కావాలని అబద్ధం ఆడలేడు. మీ డీఎంకు ఇది తట్టకపోతే అదృష్టం.

ఇనుపగడ్డం:
ఈ చర్చ బాగుందని పొద్దునే మా డీఎంకు లింకు పంపాను. ఇప్పుడే బొటనవేలు ఎత్తి జవాబిచ్చాడు.